కాసులమ్మ చేతులు

పూండి స్టేషనులో దిగి తూర్పుకి నడిస్తే, కొబ్బరితోటలు దాటాక, సముద్రం హోరు చెవిని పడే చోట ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళపాటు పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్ళు పోసింది కాసులమ్మే. నీళ్ళు పోయడమంటే చెంబుతో గుమ్మరించడం అనుకునేవాళ్ళు ఆవిడ ఎదుట ఆ మాట అనకపోవడం మంచిది. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టి, ఆముదం పట్టించి, నలుగు పెట్టి, ముక్కు నిలబెట్టి, తల గుండ్రంగా ఒత్తి, బోర్లా తిప్పి వీపు రాసి, అప్పుడు నీళ్ళు. ఆఖరున రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని బిడ్డని తలకిందులుగా ఎత్తి రెండుసార్లు మెల్లగా ఊపుతుంది. అలా చేస్తే ఒళ్ళు సాగుతుందని ఆవిడకి అత్త చెప్పింది, అత్తకి వాళ్ళ అత్త చెప్పింది. తరవాత సాంబ్రాణి పొగ. ఆ పొగలోనే బిడ్డ కళ్ళు మూతలు పడేవి. ఇక మూడు గంటలపాటు తల్లి వండుకోవచ్చు, తినొచ్చు, తనూ ఒక కునుకు తీయొచ్చు.

ఆవిడ చేతులు మాత్రం చూడ్డానికి బాగుండవు. పన్నెండో ఏట పలాస జీడి బట్టీలో పనికి చేరింది. వేయించిన పిక్కని కొడితే చిమ్మే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి బూడిద రాసుకుని పని చేసేవారు, అయినా కాలేది. పొరలు పొరలుగా లేచి, మళ్ళీ పట్టి, అరచేతులు రెండూ నల్లగా చింతబెరడులా గట్టిపడిపోయాయి. వేళ్ళ చివర్లకి వేడి తెలియదు. అందుకే బిడ్డకి నీళ్ళు పోసే ముందు మోచెయ్యి గంగాళంలో ముంచి చూసేది. మోచేతికి ఇంపుగా ఉంటేనే చెంబు ముట్టుకునేది. ఇంత జాగ్రత్త మెత్తని చేతులున్నవాళ్ళకి ఉండదు, వాళ్ళకి అక్కర్లేదు కూడా.

పెళ్ళైన పదిహేనేళ్ళకి గానీ ఆవిడకి బిడ్డ కలగలేదు. ఒక్కతే కూతురు, ఉషారాణి. మొగుడు దాలయ్య కొబ్బరితోట చూసుకునేవాడు. రెండువేల ఒకటిలో అతని పాదాలు పొంగాయి. ఆ ఊళ్ళో మగవాడి పాదాలు పొంగాయంటే కిడ్నీలు పోతున్నట్టేనని చిన్నపిల్లలకి కూడా తెలుసు. "బాగున్నావా" అని అడగడం మానేసి "క్రియాటిన్ ఎంతున్నాది" అని అడిగే ఊరది. పది నెలలు తిరిగేసరికి దాలయ్య పోయాడు. అంతకు ముందు ఆవిడ మరిది పోయాడు, ఎదురింటి అతను పోయాడు. ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు వచ్చారు. సీసాల్లో నూతి నీళ్ళు పట్టుకెళ్ళారు, గొట్టాల్లో రక్తం పట్టుకెళ్ళారు. ఎందుకు పోతున్నారో చెప్పినవాడు ఒక్కడూ లేడు.

రెండువేల నాలుగులో సినిమా వాళ్ళు వచ్చారు. జీపులూ, జనరేటరు వ్యానూ కొబ్బరితోటలో దిగాయి. ఇరవై రోజులుంటారట. ఏదో దయ్యం సినిమా అన్నారు. సాయంత్రం తోటలో పొగ వదిలితే ఊరంతా చూడ్డానికి పోయింది. నాలుగోనాడు టోపీ పెట్టుకున్న ఒకతను కాసులమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మమ్మగారూ, పసిపిల్లకి నీళ్ళు పోసే సీను ఒకటుందండి. ఊళ్ళో అందరూ మీ పేరే చెప్పారు. మీ ముఖం కూడా పడదు, చేతులు చాలు."

"నా సేతులా? ఈ సేతులేటి బాగున్నాయని బాబూ?"

"మాకివే కావాలండి."

పాపం, పొంగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ చేతులు చూసి ఎవరైనా ముఖం తిప్పుకోకుండా మాట్లాడటం ఆవిడకి అదే మొదలు. మర్నాడు వాళ్ళు రబ్బరు బొమ్మ తెచ్చిపెడితే ఒప్పుకోలేదు. "బొమ్మకి నీల్లెవులైనా పోత్తారా?" అంది. పక్కింటి జయశ్రీకి మూడో నెల బిడ్డ ఉన్నాడు, ఎటూ అది వాడి నీళ్ళ వేళ. జయశ్రీ మురిసిపోతూ తెచ్చి ఇచ్చింది. కాసులమ్మ రోజూ చేసినట్టే చేసింది. మోచెయ్యి ముంచింది, ఒళ్ళు రుద్దింది, ముక్కు నిలబెట్టింది, కాళ్ళు పట్టుకుని ఎత్తి ఊపింది. కెమెరా వాళ్ళు చేతుల దగ్గరికి వచ్చేసి మరీ తీసుకున్నారు. పోతూ పోతూ ఒక చీర పెట్టారు. ఆ చీర కట్టుకుని ఊళ్ళో నాలుగిళ్ళు తిరిగి చూపించి వచ్చింది. తను చేసే పని సినిమాలోకి ఎక్కుతుందని, దేశమంతా చూసి నేర్చుకుంటుందని అనుకుంది. అంతటి పిచ్చి ఆలోచన ఆవిడకి తప్ప ఎవరికొస్తుంది.

మరుసటి ఏడు సంక్రాంతి వెళ్ళాక పలాస హాల్లో ఆ సినిమా బొమ్మ పడింది. ఊళ్ళోవాళ్ళు రెండు ట్రాక్టర్లు కట్టుకుని వెళ్ళారు. ముందు వరసలో కాసులమ్మ, పక్కన జయశ్రీ.

కథ ఇదీ. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడ మగవాళ్ళు పాదాలు పొంగి ఒకరి తరవాత ఒకరు చచ్చిపోతుంటారు. కారణం ఎవరికీ తెలియదు. పట్నం నుంచి కుర్ర డాక్టరు వస్తాడు, వెతుకుతాడు, తోటలో పొగ, కుక్కల అరుపులు. చివరికి తేలేదేమిటంటే, ఆ ఊళ్ళో ఒక ముసలిది ఉంది. చేతబడి, చిల్లంగి చేసేది. పసిబిడ్డలకి మొదటి నీళ్ళు పోసేటప్పుడే వాళ్ళ ఆయుష్షు లాగేసుకుంటుంది. వాళ్ళు పెరిగి పెద్దవాళ్ళై నలభై ఏళ్ళు వచ్చేసరికి పాదాలు పొంగి పోతారు. ముసలిదాని ముఖం వేరే ఎవరిదో. చేతులు మాత్రం కాసులమ్మవి. తెర నిండా ఆ నల్లని చేతులు, గుండె దడదడలాడించే వాయిద్యం. మోచెయ్యి నీళ్ళలో ముంచితే అదొక మంత్రమట. ముక్కు నిలబెడితే ఊపిరి లాగుతోందట. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తినప్పుడు హాలంతా కెవ్వుమంది. కెవ్వుమన్నవాళ్ళలో సగం మంది అదే చేతుల్లో, అలాగే తలకిందులుగా ఊగి పెరిగినవాళ్ళు.

కాసులమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది. వెనకనుంచి ఎవరో కూర్చోమని అరిచారు. పక్కకి చూస్తే జయశ్రీ బిడ్డని అవతలి తొడ మీదికి మార్చుకుంటోంది.

బొమ్మ అయ్యాక కాసులమ్మ హాలు మేనేజరు గదిలోకి పోయింది. అతను మర్యాదస్తుడే, కుర్చీ వేసి సోడా తెప్పించాడు.

"బొమ్మ ఆపీ బాబూ" అంది.

"అదెలా అవుతుందమ్మా. అది కథ. కథని కథలా చూడాలి."

"కతయితే అందులో నా సేతులెందుకున్నాయి? కతయితే మా ఊరి సావులెందుకున్నాయి? మా ఆయన కాలు పొంగినప్పుడు నాను ఒత్తినాను ఈ సేతుల్తోనే. అది తియ్యనేదేం?"

సోడా తాగమన్నాడు. ఆవిడ తాగలేదు.

సినిమా వాళ్ళ మీద కోపం సరే. వాళ్ళు బయటివాళ్ళు, వాళ్ళకి ఈ ఊరూ ఒకటే ఇంకో ఊరూ ఒకటే. అసలు ఒళ్ళు మండాల్సింది ఊరివాళ్ళని చూసి. సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు ఐదేళ్ళలో చెప్పలేనిది సినిమా వాళ్ళు రెండున్నర గంటల్లో చెప్పేశారు. అంతే, నోరు తెరుచుకుని మింగేశారు. మొదట్లో హాస్యానికే అనుకున్నారు. టీ పాక దగ్గర అప్పలరాజు అనే పెద్దమనిషి వేళ్ళు మడిచి లెక్క తీశాడు. ఈ ఆరేళ్ళలో ఊళ్ళో పోయినవాళ్ళు పదకొండుమంది. వాళ్ళలో పిల్లలప్పుడు కాసులమ్మో, ఆవిడ అత్తో నీళ్ళు పోయనివాడు ఎవడైనా ఉన్నాడా? లేడు. పాకలో అందరూ గతుక్కుమన్నారు. ఒక్కడికీ ఇంకో లెక్క తోచలేదు.

కాసులమ్మకి తెలిసి, నడిచి ఆ పాక దగ్గరికే వెళ్ళింది. అప్పలరాజు ఎదురుగా నిలబడింది.

"సచ్చినోల్లకి నానో మాయత్తో పోసినాం. బతికున్నోల్లకి ఎవులు పోసినారు మావా? నీ కొడుకులు ముగ్గురికీ ఎవులు పోసినారు? ఇక్కడ కూకున్న ఈ పదిమందికీ ఎవులు పోసినారో సెప్పు."

అప్పలరాజు తల పక్కకి తిప్పుకున్నాడు. "నాను నిన్నేటీ అన్నేదు కాసులూ. లెక్క సెప్పినాను, అంతే."

"సగం లెక్క సెప్పినావు" అంది కాసులమ్మ.

సగం లెక్కే నిలబడింది. ఆ వేసవిలో ఊళ్ళో నలుగురు బిడ్డలు పుట్టారు. ఒక్క గుమ్మం నుంచి కూడా కబురు రాలేదు. జయశ్రీ అయితే రోజూ కాసులమ్మ పెరటి గోడ అవతలే బిడ్డకి తనే నీళ్ళు పోసుకునేది. వేడి చూడటం రాదు, వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. కాసులమ్మ గోడ ఇవతల నిలబడి పళ్ళు నూరుకునేది. "మోసెయ్యి ముంచి సూడే" అని ఒకసారి అరిచింది. అవతల చప్పుడు ఆగిపోయింది. బిడ్డని ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది జయశ్రీ. ఆ బిడ్డకి నెలల తరబడి నీళ్ళు పోసిన మనిషి మాటకి ఆ తల్లి ఇచ్చిన మర్యాద అదీ.

ఇదంతా కాసులమ్మ ఓర్చుకున్నది ఒక్క ఆశతో. ఉషారాణికి నెల తప్పింది. అల్లుడు లోకనాథ్ భావనపాడు దగ్గరి ఊరివాడు, టెక్కలిలో మోటార్లు బాగుచేసే షాపు నడుపుతాడు. నిదానస్తుడు. తొలికాన్పు పుట్టింట్లోనే గదా. ఊరంతా వద్దన్నా, తన కూతురి బిడ్డని కాళ్ళ మీద వేసుకోవడం ఎవడు ఆపుతాడు? ఊరిబిడ్డలకి రెండువందలమందికి పోసింది, సొంత మనవలు ఒక్కరూ ఆ కాళ్ళ మీద పడుకోలేదు. పాత చీరలు ఉతికి పొత్తిళ్ళు చేసింది. ఆముదం తనే ఆడించింది.

రెండువేల ఆరు జనవరిలో టెక్కలి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. అయిదోనాటికి కూతుర్నీ బిడ్డనీ ఇంటికి తెచ్చుకుంది. వాళ్ళతోపాటు వియ్యపురాలు బుచ్చమ్మ కూడా దిగింది, సాయానికి అంటూ. ఆవిడ వెనకాల తవిటమ్మ అని వాళ్ళ ఊరి మంత్రసాని.

కాసులమ్మ గంగాళం పొయ్యి మీద పెట్టి, పీట వేసి, కొంగు బిగించి కూర్చుంది. "తేవే గుంటని" అంది.

ఎవరూ కదల్లేదు. బుచ్చమ్మ గోడవైపు చూస్తోంది. తవిటమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంటోంది. అప్పుడు మంచం మీంచి ఉషారాణి అంది.

"అమ్మా, దీనికి తవిటమ్మ పోత్తాదిలే. నువ్వు సెప్పు, అది సేత్తాది."

"అదెందుకు సెయ్యాల? నాను సచ్చిపోనానా?"

"అది కాదమ్మా. ఈలకి మనసొప్పట్లేదు."

"ఈల సంగతి నానడగనేదు. నీ సంగతి అడుగుతన్నాను. నీకు నీల్లెవులు పోసినారే?"

ఉషారాణి బిడ్డని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "నాకు తెలుసమ్మా. అంతా అబద్ధమని తెలుసు. అయినా భయమేత్తన్నాది. నాన్న పోనాడు గదా."

బుచ్చమ్మ నోట వస్తే ఆ మాట దులిపేసుకునేది కాసులమ్మ. ఊరు అంటే తిట్టిపోసేది. పదిహేనేళ్ళు మొక్కులు మొక్కి కన్న కూతురు, ఆ చేతుల్లోనే పెరిగిన కూతురు అంది ఆ మాట. పీట మీంచి లేచింది. గోడవారగా నిలబడి, రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని, తవిటమ్మకి చెప్పడం మొదలెట్టింది. చన్నీళ్ళు పోసి తొలుపు, ఇంకా వేడున్నాయి. మెడ కింద చెయ్యి పెట్టు. చెవుల్లో పడకుండా చూడు. తవిటమ్మ సగం వినేది, సగం తనకి తోచినట్టు చేసేది. ఇరవై రోజులు అలాగే సాగింది. కాళ్ళు పట్టి ఊపడం మాత్రం ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అయిదో నెల దాకా ఉండవలసిన బాలింతని నెల నిండకుండానే బుచ్చమ్మ తీసుకుపోయింది. బిడ్డకి ప్రమోదిని అని పేరు పెట్టారని తరవాత కబురొచ్చింది.

ఆ తరవాత దగ్గర దగ్గర రెండేళ్ళు కాసులమ్మ కూతురి గుమ్మం తొక్కలేదు. రోషం. పిలవనూ లేదు వాళ్ళు. జీడి సీజనులో మళ్ళీ బట్టీకి పోయి పిక్కలు కొట్టింది. చేతులు ఇంకా నల్లబడ్డాయి. నల్లబడితే నల్లబడనీ అనుకుంది, ఎవరికోసం దాచుకోవాలని.

రెండువేల ఏడు నవంబరులో, పొద్దున్న తొమ్మిది గంటలకి, బుచ్చమ్మ ఆటో దిగింది. మనిషి చిక్కిపోయింది. గుమ్మంలో నిలబడి ఏడుపు మొదలెట్టింది.

"లోకనాథుకి కాళ్ళు పొంగినాయి వదినా. విశాఖ తీసుకెల్లినాం. కిడ్నీలు రెండూ అయిపోనాయన్నారు."

కాసులమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది. ముప్పై ఏళ్ళు లేవు ఆ కుర్రాడికి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"నాకిప్పుడు తెలిసినాది వదినా" బుచ్చమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంటూ అంది. "ఆడికి మాయత్త పోసినాది నీల్లు. నీ సెయ్యి ఆడి మీద పడనేదు. అయినా ఒచ్చినాది. నీ తప్పేటీ నేదు. నిన్ను అనవసరంగా దూరం పెట్టినాం. మనసులో పెట్టుకోకు, రా. ఉష ఒక్కర్తీ సెయ్యలేకపోతన్నాది."

కాసులమ్మకి రెండేళ్ళుగా ఒకటే కోరిక. ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి నీ తప్పు లేదు అనాలని. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు, బట్టీలో పిక్క కొట్టేటప్పుడు, ఆ మాట విన్నాక తను ఏం అనాలో వందసార్లు అనుకుంది. ఇదిగో, ఇప్పుడు వచ్చి అంటోంది.

"ఏటి తెలిసినాది నీకు?" అంది కాసులమ్మ. "నా బిడ్డ మొగుడు మంచాన పడితే గానీ నా సేతులు మంచియ్యని తెల్లేదా మీకు? ఆడు సావుకి దగ్గరయితే గానీ నాను మనిసినని తెల్లేదా?"

"అలగనకు వదినా."

"అంతాను. ఇన్నేల్లూ అన్నేదు, ఇప్పుడంతాను. నాను చిల్లంగి దాన్నే అనుకోండి. నా సేతిలోనే ఉన్నాది ఆ జబ్బు అనుకోండి. ఊరూరా సెప్పుకోండి. ఆడికి మాత్రం రాకుండా ఉంటే బాగున్ను గదా. నాకీ మంచి పేరెందుకు, ఏటి సేసుకోను?"

బుచ్చమ్మ అక్కడే గుమ్మంలో కూలబడింది. కాసులమ్మ ఆవిడని లేపలేదు. లోపలికి పోయి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది, తలుపు గొళ్ళెం పెట్టి, ఆటోలో కూర్చుంది. కోటబొమ్మాళి వైపు పోయే లారీలు దుమ్ము రేపుతుంటే ముఖం మీద కొంగు వేసుకుంది.

ఇంట్లో లోకనాథ్ మంచం మీద ఉన్నాడు. "అత్తా, ఒచ్చినావా" అని లేవబోయాడు. లేవొద్దని చెయ్యి ఊపింది. అతని పాదాలు చూసింది. దాలయ్య పాదాలు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. వాటిని ఒడిలో పెట్టుకుని ఒత్తబోయి, అంతలో ఆగి, కూతురి వైపు చూసింది. ఉషారాణి తలకొట్టుకుని ఏడుస్తోంది. "ఒత్తమ్మా, ఒత్తు" అంది.

వసారాలో ప్రమోదిని అన్నం గిన్నె ముందు కూర్చుని ఉంది. రెండేళ్ళు నిండబోతున్నాయి, జుట్టుకి రిబ్బను కట్టారు. గిన్నెలో పప్పన్నం ముట్టుకోనైనా ముట్టుకోలేదు. కాసులమ్మ ఆ పిల్లని చూడటం నెల గుడ్డుగా పంపించాక ఇదే. కాళ్ళ మీద వేసుకునే వయసు దాటిపోయింది. ఎదురుగా కూర్చుని, బుగ్గ నిమరాలని చెయ్యి చాపింది.

పిల్ల ఆ చేతిని చూసింది. ఒక్కసారిగా గిన్నెలోకి చెయ్యి పెట్టి అన్నం ముద్ద నోట్లో కుక్కుకుంది. నమలకుండానే ఇంకో ముద్ద. "తింతాను, తింతాను" అంటూ, కళ్ళు ఆ నల్లని చేతుల మీంచి తిప్పకుండా.

కాసులమ్మకి అర్థం కాలేదు. వెనక నిలబడ్డ బుచ్చమ్మ తల వంచుకుంది. ఉషారాణి గోడకి ఆనుకుని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. "అన్నం తిననన్నప్పుడు... నల్లసేతులమ్మ ఒచ్చి పట్టుకుపోతాదని సెప్తారమ్మా దానికి."

ఇక ఎవరిని తిట్టాలి? తిట్టడానికి ఇంట్లో ఏడవనివాళ్ళు ఎవరున్నారు? కాసులమ్మ రెండు చేతులూ వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది. మెల్లగా అంది.

"ఆకలి నేకపోతే తినకే అమ్మా. నిన్నెవులూ పట్టుకుపోరు."

పిల్ల వినలేదు. నోరు నిండా అన్నంతో, కళ్ళ నీళ్ళు కారుతుంటే, ఇంకో ముద్ద తీసింది.